తాళం వెయ్యని డబ్బా

 

ఆశ్రమ పాఠశాలలన్నిటికీ కొత్త కంప్యూటర్ ల్యాబులు కావాలని మనవాళ్లు రాస్తున్న వినతిపత్రం చూసిన. నేను కూడా సంతకం పెట్టిన. అది మన హక్కు, అడగాల్సిందే. కానీ ఒక మాట చెప్పాలనిపిస్తున్నది, కొంతమంది దాదాలకు నచ్చకపోవచ్చు. కొత్త ల్యాబ్ వచ్చినా అందులో మన చేతికి దక్కేది తక్కువ. అదే పాత ఆఫీసు కంప్యూటర్ ఒకటి మన పైసలతో కొని, మనమే విప్పి, దుమ్ము దులిపి, గూడెంలో ఒక ఇంట్లో సర్వర్‌గా పెట్టుకుంటే దానితో జరిగే పని ఎక్కువ అని నా అభిప్రాయం. పొడుగు పోస్టే, కొంచెం ఓపిక చేసుకోండి.

నేను చదివిన బడిలో కంప్యూటర్ గది ఉండె. పది మెషీన్లు, అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు. తలుపుకు తాళం. తాళం చెవి ఎవరి దగ్గర ఉంటదో ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా నాకు సరిగ్గా తెల్వలే. ఎవరైనా పెద్దసార్లు తనిఖీకి వచ్చిన రోజు తెరిచేది, మేం లైన్లో నిలబడి మౌస్ పట్టుకునేది, ఫోటో తీసుకునేది. "పిల్లలు ఖరాబ్ చేస్తరు" అనేది ఒక్కటే కారణం. నేను పదో తరగతి అయిపోయి పోయేటప్పటికి అందులో సగం మెషీన్లు ఎవరూ ముట్టకుండానే ఖరాబ్ అయినయి. ఎవరినీ తిట్టడానికి చెప్తలేను. ఖరీదైన వస్తువు ఇచ్చి, పోతే నీ జీతంలోంచి కట్టాలె అంటే ఏ సారైనా తాళమే వేస్తడు. ఆయన జాగాలో నేనున్నా అదే చేద్దునేమో.

పాత డబ్బాకు ఆ భయం లేదు. ఆరు వేల మెషీన్ మూత తీయడానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు. ర్యామ్ ఎక్కడుంటది, హార్డ్ డిస్క్ ఎట్ల ఊడతది, ఫ్యాన్ ఎందుకు మోత పెడుతున్నది అని తొమ్మిదో తరగతి పిల్లవాడు కూడా చూడొచ్చు. నేర్చుకోవడం అక్కడ మొదలైతది.

ముందు సర్వర్ అంటే ఏందో చెప్త. మన తమ్ముళ్లు కొందరు సర్వర్ అంటే హైదరాబాద్‌లో ఏసీ గదిలో ఉండే పెద్ద బీరువాలు అనుకుంటరు. "సర్వర్ డౌన్ ఉంది, రేపు రా" అని మీసేవలో విన్న మాట తప్ప ఇంకో పరిచయం మనకు లేదు గదా. సర్వర్ అంటే వేరేవాళ్లు అడిగిన ఫైల్ తీసి ఇచ్చే కంప్యూటర్, అంతే. దానికి స్క్రీన్ అక్కర్లేదు, కీబోర్డు అక్కర్లేదు, మొదట ఒకసారి సెట్ చేసేటప్పుడు తప్ప. మన చేతిలో ఫోన్ ఉంటది, అది అడుగుతది. మూలకున్న డబ్బా ఇస్తది.

ఇంకో అపోహ, ఇది చానా ముఖ్యమైనది. వైఫై అంటే ఇంటర్నెట్ కాదు. వైఫై అంటే ఫోన్‌కూ రూటర్‌కూ మధ్య గాలిలో ఉన్న తీగ లాంటిది. రూటర్‌కు బయటి లైన్ లేకపోయినా ఆ తీగ పనిచేస్తది. అంటే టవర్ సిగ్నల్ లేని గూడెంలో, రీచార్జ్ లేని ఫోన్‌లో, ఇంట్లో ఉన్న సర్వర్ నుంచి పాఠం తెరుచుకుంటది, వీడియో ఆడుతది. మా ఊరికి సిగ్నల్ రావాలంటే చెరువు కట్ట మీదికి పోవాలె. కట్ట మీద కూర్చొని నోట్స్ డౌన్‌లోడ్ చేసుకునే పిల్లలు ప్రతి గూడెంలో ఉన్నరు. ఆడపిల్లలు చీకటి పడ్డంక కట్ట మీదికి పోలేరు. వాళ్లకు ఆ నోట్స్ రావు. ఈ ఒక్క కారణం చాలు నాకు.

ఇప్పుడు మేం చేసింది చెప్త. హాస్టల్‌లో మా పక్క పక్క రూముల ఐదుగురం స్కాలర్‌షిప్ పడ్డంక జమ చేసినం. సికింద్రాబాద్‌లో పార్క్‌లేన్ దగ్గర సీటీసీ అంటరు, చెనాయ్ ట్రేడ్ సెంటర్. కంప్యూటర్ సామాను దుకాణాలు అన్నీ ఒక్కచోటే. అక్కడ కంపెనీల నుంచి వచ్చిన పాత మెషీన్లు దొరుకుతయి. ఈ మధ్య ఎక్కువ దొరకడానికి ఒక కారణం ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో జనరేషన్ నుంచి పైన ఉండాలె. దానికి ముందు మెషీన్లు ఎంత బాగా నడిచినా ఆఫీసులకు పనికిరానివే. మనకు విండోసే అక్కర్లేదు. డెబియన్ లాంటి లైనక్స్ వేసుకుంటే 2013 నాటి నాలుగో జనరేషన్ ఐ5 కూడా మన పనికి ఎక్కువే. ముప్పై మంది పిల్లలు ఒక్కసారి పుస్తకం తెరిస్తే దానికి చెమట కూడా పట్టదు.

ఖర్చు దాచకుండా చెప్త. మెషీన్ 6,200. కొత్త ఒక టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ 4,800. పాత రూటర్ 400. స్విచ్ బోర్డు 350. లోపల వేసే గుండ్రటి సెల్ 30. మొత్తం 11,780, బస్ చార్జీలు కలపకుండా. ఒక్కొక్కరికి రెండు వేల మూడు వందల యాభై దాకా పడ్డది. తక్కువ పైసలని నేననను, రెండు నెలలు సినిమాలు, బయటి టిఫిన్లు బంద్ చేసినం. కానీ ఒక మంచి ఫోన్ ధర కూడా కాదు.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నయి. లైనక్స్ వేసిన పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకొని పోండి. దుకాణంలోనే దానితో బూట్ చేసి చూపించమనండి. చూపించనంటే పక్క దుకాణానికి పోండి, అక్కడ దుకాణాలకు కొదవ లేదు. బయోస్‌లోకి పోయి పాస్‌వర్డ్ అడుగుతదేమో చూడండి, కంపెనీలు వేసి మరిచిపోయిన పాస్‌వర్డ్ ఉంటే తర్వాత మన తల పగులుతది. మూత తీయించి బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నయేమో చూడండి. అన్నిటికంటే ముఖ్యం హార్డ్ డిస్క్. ప్రతి డిస్క్ తన ఆరోగ్యం తానే లెక్క రాసుకుంటది, దాన్ని స్మార్ట్ రిపోర్ట్ అంటరు. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లైనక్స్‌లో స్మార్ట్‌మాన్‌టూల్స్ దాన్ని చూపిస్తయి. ఎన్ని గంటలు నడిచింది అనేది చూడండి, కానీ దానికంటే చూడాల్సింది రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు. ఈ రెండూ సున్నా ఉండాలె. సున్నా కాకపోతే ఆ డిస్క్ మీద చావు రాసి ఉన్నట్టే, రేపా ఎల్లుండా అనేదే తేడా.

నా మాట ఏందంటే పాత మెషీన్ కొనొచ్చు, పాత డిస్క్‌ను మాత్రం నమ్మొద్దు. మెషీన్ పోతే ఆరు వేలు పోతయి. డిస్క్ పోతే అందులో ఉన్నది పోతది.

మెషీన్ల సైజు గురించి కూడా ఒక మాట. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్, ఎక్కువ ఇవే దొరుకుతయి. వీటిల్లో మీడియం డబ్బా ఉంటది, పుస్తకమంత చిన్న డబ్బా ఉంటది. మీడియం దాంట్లో పవర్ సప్లై ఆ కంపెనీ సొంత డిజైన్, మామూలు పవర్ సప్లై దానికి కుదరదు. అది కాలిపోతే ఉట్నూరులోనో ఆదిలాబాద్‌లోనో దొరకదు, మళ్లీ హైదరాబాద్ బస్సే. చిన్న డబ్బా ల్యాప్‌టాప్ చార్జర్ లాంటి దానితో నడుస్తది, అది పోతే తెప్పించుకోవడం సులువు. కానీ డెల్ వాటికి డెల్ చార్జరే పెట్టండి, అది తన చార్జర్‌ను గుర్తుపట్టకపోతే స్పీడ్ తగ్గించుకొని నత్త నడక నడుస్తది. అరిగిపోయిన ల్యాప్‌టాప్ కూడా సర్వర్ అయితది, బ్యాటరీ ఉంటే కరెంటు పోయినా కాసేపు ఆగుతది. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం వద్దే వద్దు, పూరిల్లు, పైన గడ్డి, గుర్తుంచుకోండి.

కరెంటు గురించి మా బాపు అడిగిండు. బాపుకు చదువు రాదు, కానీ లెక్క వస్తది. "ఇది రోజంతా తిరిగితే బిల్లు ఎవలు కడ్తరు?" మా డబ్బా ఊరికే ఉన్నప్పుడు సుమారు 20 వాట్లు తింటది. ఇంట్లో పాత సీలింగ్ ఫ్యాన్ 70 వాట్ల పైన తింటది. రోజంతా నడిపినా నెలకు 14, 15 యూనిట్లు. కానీ రోజంతా ఎందుకు నడపాలె? సర్వర్ అంటే 24 గంటలు ఉండాలని ఎవడు రూల్ పెట్టిండు? మా దగ్గర సాయంత్రం ఆరు నుంచి పది. రూటర్‌తో కలిపి నెలకు మూడు యూనిట్లు, కొంచెం అటూ ఇటూ. గృహజ్యోతి వచ్చిన ఇళ్లకు 200 యూనిట్ల దాకా బిల్లే లేదు, అందులో ఇది కనపడను కూడా కనపడదు. ఎండాకాలంలో పగలు బంద్ ఉండడం మెషీన్‌కు కూడా మంచిది. మే నెలలో రేకుల ఇంట్లో మనమే ఉండలేం, డిస్క్ ఎట్ల ఉంటది.

అందులో ఏముంది అంటరా. కివిక్స్ అనే ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, వికీపీడియాను మొత్తం ఒక ఫైల్‌గా చేసి ఇంటర్నెట్ లేకుండా చదివిస్తది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్‌లో మొదలైంది, ఇప్పుడు లక్ష వ్యాసాలు దాటింది, అదంతా ఒక పెన్‌డ్రైవ్‌లో పడుతది. ఇంగ్లిష్‌ది బొమ్మలతో సహా వంద జీబీ దాటుతది, అది హాస్టల్ నెట్‌లో నాలుగు రాత్రులు పట్టింది. కోలిబ్రీ అనే ఇంకోదానిలో ఖాన్ అకాడమీ వీడియోలు పెట్టినం, లెక్కలు, సైన్స్. ఎస్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు పీడీఎఫ్‌లుగా, పాత ప్రశ్నపత్రాలు, గ్రూప్స్‌కూ కానిస్టేబుల్‌కూ చదివే దాదాల నోట్స్. అన్నీ ఉచితంగా దొరికినవే. ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.10 అని కొడితే వచ్చేస్తది, ఆ నంబర్ గోడ మీద బొగ్గుతో రాసి పెట్టినం. ఒక చిక్కు వస్తది, ముందే చెప్త. ఈ వైఫైకి ఇంటర్నెట్ లేదని ఫోన్ గొణుగుతది, తనంతట తాను మొబైల్ డేటాకు దూకుతది. అయినా దీనికే ఉండు అని ఒత్తాలె, లేదా డేటా బంద్ చేయాలె. సర్వర్ పనిచేస్తలేదు అని వచ్చే పది ఫిర్యాదుల్లో తొమ్మిది ఇదే.

చదువు సంగతి అట్ల ఉంచండి. నేను ఇంత పొడుగు రాయడానికి అసలు కారణం వేరే.

మా ఊరి పర్ధాన్ తాత కిక్రి వాయిస్తూ పెర్సాపేన్ కథ చెప్తడు. ఇప్పుడు ఆయనకు గొంతు లేస్తలేదు. మూడేళ్ల కింద దండారీ పండుగకు మా వరుసకు దాదా ఒకాయన రెండు రాత్రులు కూర్చొని మొత్తం కథ ఫోన్‌లో రికార్డ్ చేసిండు. పోయిన వానాకాలం వాగు దాటుతుంటే ఆ ఫోన్ కొట్టుకుపోయింది. వాట్సాప్‌లో పంపిన రెండు ముక్కలు మిగిలినయి, ఒకటి నాలుగు నిమిషాలు, ఒకటి ఏడు. మిగతాది మళ్లీ చెప్పమంటే తాత నవ్విండు. "అప్పటి గొంతు ఇప్పుడు ఎక్కడిది పోరగా" అన్నడు.

హైమన్‌డార్ఫ్ గురించి మనందరికీ తెలుసు. 1940లలో మార్లవాయికి వచ్చి మన మధ్య ఉన్నడు, ఆయన సమాధి, ఎలిజబెత్ అమ్మ సమాధి అక్కడే ఉన్నయి, ఏటా జనవరిలో మనం దండలు వేస్తం. ఆయన తీసిన ఫోటోలు, ఫిల్ములు, రాసుకున్న నోట్సు లండన్‌లో సోయస్ అనే యూనివర్సిటీ లైబ్రరీలో భద్రంగా ఉన్నయి. మంచిదే, ఆయన దాచబట్టి మిగిలినయి. కానీ ఎనభై ఏళ్ల కిందటి మన ముత్తాతల బొమ్మ లండన్‌లో భద్రంగా ఉంటది, మూడేళ్ల కిందటి మా తాత గొంతు వాగులో పోతది. ఈ రెండు ముచ్చట్లు పక్కపక్కన పెట్టుకుంటే నాకు రాత్రి నిద్ర పట్టలే.

2011 జనాభా లెక్కల్లో గోండీ మా మాతృభాష అని చెప్పినవాళ్లు 29 లక్షల పైన. ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. లిపికి మాత్రం జాగా దొరికింది, మసారాం గోండీ 2017లో, మన గుంజాల గోండీ 2018లో యూనికోడ్‌లోకి వచ్చినయి. నోటో ఫాంట్లు కూడా ఉన్నయి. కానీ మన ఫోన్లలో తెరిస్తే చాలావాటిలో ఖాళీ డబ్బాలే కనపడుతయి. సొంత సర్వర్‌లో దీనికి ఉపాయం ఉంది. పేజీలోనే ఫాంట్ కలిపి పెట్టొచ్చు, అప్పుడు చూసేవాళ్ల ఫోన్‌లో ఫాంట్ లేకపోయినా అక్షరాలు వస్తయి. మా పేజీ పైన ఊరి పేరు గుంజాల లిపిలో కనిపించిన రోజు పిల్లలు వేలితో స్క్రీన్ మీద రుద్ది చూసిండ్రు, బొమ్మా అక్షరమా అని.

"ఇంత తిప్పలెందుకు, గూగుల్ డ్రైవ్‌లో పెట్టు, యూట్యూబ్‌లో పెట్టు" అనే దాదాలు ఉన్నరు. వాళ్లది తప్పు మాట కాదు. డ్రైవ్‌లో పెట్టండి, అది కూడా ఒక కాపీ. కానీ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. వీడియో కాదు, ఒట్టి మాటే మంచి నాణ్యతలో రికార్డ్ చేస్తే గంటకు 600 జీబీ కాదు గానీ 600 ఎంబీ పైనే అయితది, ఒక్క దండారీకే నిండిపోతది. రెండేళ్లు ఆ అకౌంట్ ఎవరూ తెరవకపోతే గూగుల్ తీసేయొచ్చు, 2023 డిసెంబర్ నుంచి ఆ రూల్ ఉంది. అకౌంట్ చేసిన దాదాకు పెళ్లయి, ఫోన్ మారి, పాస్‌వర్డ్ మరిచిపోతే ఇక అడిగే దిక్కు లేదు. యూట్యూబ్ ముచ్చట వేరే. పేన్ కథలు అన్నీ అందరి ముందర చెప్పేవి కావు. ఏ గోత్రం వాళ్ల ముందర, ఏ కాలంలో, ఎవరు చెప్పాలె అని కట్టుబాటు ఉంది. అది తెల్వనోళ్లు కింద ఏ కామెంట్లు పెడ్తరో మీరు చూసే ఉంటరు. గుస్సాడీ ఆటను సినిమా పాటకు కలిపి రీల్ చేసినోళ్లను చూసినం గదా. మన డబ్బా మన ఇంట్లో ఉంటే ఏది బయట పెట్టాలె, ఏది తాళంలో ఉంచాలె అనేది పటేల్, కటోడా, ఊరి పెద్దలు కూర్చొని చెప్తరు. మేం దానికి పాస్‌వర్డ్ పెడ్తం. అందుకే మా సర్వర్‌ను బయటి ఇంటర్నెట్‌కు కలపలే. కలపడం వచ్చు. కావాలనే కలపలే.

ఇప్పుడు కష్టం ముచ్చట. పెట్టడం ఒక వారం పని. నడపడం ఏండ్ల పని. మన పెద్దలు బోరు వేయించినప్పుడు ఫోటోలు దిగుతరు, వాషర్ పోతే ఆర్నెల్లు బోరు మూలుగుతది, అట్లాంటిది ఇది కూడా.

గూడెంలో మెషీన్‌ను చంపేవి హైదరాబాద్ యూట్యూబ్ వీడియోల్లో చెప్పరు. పొయ్యి పొగ. పొగలో నూనె జిడ్డు ఉంటది, అది దుమ్ముతో కలిసి ఫ్యాన్ మీద పేరుకుంటది. వంటింటి పక్క గోడకు పెట్టొద్దు, నేల మీద పెట్టొద్దు, మూడు నెలలకొకసారి మూత తీసి పాత పెయింట్ బ్రష్‌తో దులపాలె. చీమలు. వెచ్చగా ఉంటదని బల్లులు, మా డబ్బాలో ఒక బల్లి కుటుంబమే కాపురం పెట్టింది. ఎలుకలకు లాన్ కేబుల్ అంటే ప్రాణం. మెరుపులు మెరిసినప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ గుంజాలె, రూటర్‌ది కూడా. వోల్టేజ్ పైకీ కిందికీ ఊగే ఊర్లలో చిన్న స్టెబిలైజర్ పెట్టండి. బయోస్‌లో ఒక సెట్టింగ్ ఉంటది, కరెంటు పోయి వస్తే తనంతట తాను లేవాలా వద్దా అని. లేవాలె అని పెట్టండి, లేకపోతే ప్రతిసారి ఎవరో పోయి బటన్ ఒత్తాలె. టైం రోజూ తప్పు చూపిస్తే లోపలి గుండ్రటి సెల్ అయిపోయినట్టు, సీఆర్ 2032 అని అడిగితే గడియారాల దుకాణంలో కూడా ఇస్తరు. దానికి మెకానిక్ అక్కర్లేదు.

మా మెషీన్‌తో వచ్చిన పాత డిస్క్‌కు నాలుగో నెలలో పెండింగ్ సెక్టార్లు సున్నా నుంచి ఎనిమిదికి, తర్వాత నెల ఇరవై నాలుగుకు పోయినయి. నెలకొకసారి నోట్‌బుక్‌లో ఆ అంకె రాయడం వల్లనే తెలిసింది. అది చచ్చేలోపే తీసేసి చిన్న ఎస్‌ఎస్‌డీ వేసినం. ఏమీ పోలే, ఎందుకంటే ముఖ్యమైనది అందులో ఒక్కదాంట్లోనే లేదు.

కాపీలు ఎట్ల పెడుతున్నమంటే, ఊరి డబ్బాలో ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, ఆ డిస్క్ హాస్టల్‌లో నా పెట్టెలో బట్టల మధ్య ఉంటది. దసరా సెలవులకు, సంక్రాంతికి, ఎండాకాలానికి పోయినప్పుడు డిస్క్ బస్సులో నాతోపాటు ఊరికి పోతది. ఆర్‌సింక్ అనే కమాండ్‌తో కొత్తవి కలుపుకొని మళ్లీ వాపస్ వస్తది. రెండు కాపీలూ ఒకే ఇంట్లో ఉంటే ఆ ఇంటికి నిప్పంటుకున్న రోజు రెండూ పోతయి. ఒకే డబ్బాలో రెండు డిస్కులు జంటగా పెట్టి రెయిడ్ చేసినం అని ధైర్యంగా ఉండే దాదాలకు కూడా ఇదే మాట. ఎవడైనా తప్పు ఫైల్ తుడిచేస్తే రెయిడ్ రెండు డిస్కుల్లోనూ శ్రద్ధగా తుడుస్తది. మూడో కాపీ, అందరికీ వినిపించదగ్గవి మాత్రం, డ్రైవ్‌లో ఉంది.

ఫైల్ పేర్లు. ఇది చిన్న ముచ్చట అనుకుంటరు. "ఆడియో 0037" అని ఉంటే పదేండ్లకు అది ఉన్నా లేనట్టే. తేదీ, ఊరు, చెప్పింది ఎవరు, ఏ గోత్రం, ఎవరి ముందర వినిపించొచ్చు, ఇవన్నీ పక్కన ఒక చిన్న ఫైల్‌లో రాస్తున్నం. మా చెల్లె రాస్తది ఇవి, మాకంటే ఆమెకే ఓపిక ఎక్కువ, పెద్దమ్మలను అడిగి వరుసలు సరిచేస్తది కూడా.

ఇంకో మాట అడుగుతరని తెలుసు. "పాత చెత్త మనకా? కొత్తది వాళ్లకా?" ఈ కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. సంస్థలు వచ్చి పాడైపోయిన మానిటర్లు లారీలో దించి, బ్యానర్ కట్టి ఫోటో దిగి పోయిన ఊర్లు మనకు తెలుసు. ఆ సామాను తీసుకోవద్దు. మనం దుకాణానికి పోయి, మూత తీయించి, డిస్క్ రిపోర్ట్ చూసి, బేరం ఆడి కొన్నది వేరే. మా తాతలు పాత నాగలి కొనేటప్పుడు కర్ర కొట్టి చూసి కొన్నరు, దానం పట్టలే. దానం ఇస్తామని వచ్చేవాళ్లను కూడా ముందు స్మార్ట్ రిపోర్ట్ చూపించమనండి. మొహం ఎట్ల పెడ్తరో చూడండి.

దీని వల్ల ఉద్యోగం వస్తదా అని అడిగేవాళ్లకు నిజం చెప్త. దీనివల్లే రాదు. కానీ డిగ్రీ మూడేండ్లలో కాలేజీ ల్యాబ్‌లో నేను లైనక్స్ స్క్రీన్ చూసింది రెండు సార్లు. ఈ డబ్బాతో యూజర్లు, పర్మిషన్లు, నెట్‌వర్క్, లాగ్ ఫైల్ చదవడం, ఇవన్నీ చేతికి వచ్చినయి. క్లాసులో సార్ సబ్‌నెట్ చెప్తుంటే నాకు మా ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన నంబర్ యాదికొచ్చి అర్థమైంది. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ మెట్లు ఎక్కినోళ్లు లేరు, ఏ పుస్తకం కొనాలో చెప్పేవాళ్లు కూడా లేరు. అట్లాంటి ఇంట్లో తప్పులు చేసి చూసుకునే ఒక వస్తువు ఉండడం ఎంత పెద్ద సంగతో, ఇంట్లో ఇద్దరు ఇంజినీర్లు ఉన్నోళ్లకు చెప్పినా అర్థం కాదు.

అయినా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నా షరతు ఒకటే. మెషీన్ కొనకముందు చూసుకునే ఇద్దరి పేర్లు రాయండి. ఒక్కరు చాలరు. ఒకరు ఊర్లో ఉండాలె, ఒకరు బయట చదువుతుండాలె. అందులో ఒక ఆడపిల్ల ఉంటే మంచిది, పెళ్లయి పోతది గదా అనకండి, మగపిల్లలు కూడా పనికి మహారాష్ట్ర పోతరు. పాస్‌వర్డులు కాగితం మీద రాసి పటేల్ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంచండి. ఆ ఇద్దరు దొరకకపోతే కొనకండి, ఆ పన్నెండు వేలతో బడికి పుస్తకాలు కొనండి, అది నిజంగా మంచి ఖర్చు.

మా ఊర్లో ఇప్పటిదాకా చూసుకున్నది మా తమ్ముడు. వచ్చే జూన్‌లో వాడు ఇంటర్ అయిపోయి బయటికి పోతడు. వాడి జాగాలో ఎవరు అనేది ఇంకా తేలలే. మా చెల్లె ఉంటనంటున్నది, అమ్మ ఇంటి పనికి అడ్డమంటున్నది, ఎండాకాలం సెలవుల్లో కూర్చొని మాట్లాడాలె. ఈలోపు మీ దగ్గర పర్ధాన్ తాతల, పెద్దమ్మల గొంతులు ఫోన్లలో ఉంటే వాట్సాప్‌లో పంపకండి, అది నాణ్యత తగ్గిస్తది. కేబుల్‌తోనో మెమరీ కార్డుతోనో ఉన్నది ఉన్నట్టు దించి ఇంకోచోట పెట్టండి. దసరా సెలవులకు నేను ఊర్లోనే ఉంట. ఉట్నూరు వైపు వాళ్లు ఖాళీ డిస్క్ తెచ్చుకుంటే వికీపీడియా, పాఠాలు, ప్రశ్నపత్రాలు మొత్తం కాపీ చేసిస్త. 256 జీబీది చాలు. టైం పడుతది, అన్నానికి ఉండేటట్టు రండి.